కడగొద్దన్న స్పాంజి

“ఇవాళే వెయ్యొద్దు నాయనా. కొత్త తొట్టంటున్నావు, ఆ నీళ్ళు ఇంకా కుదురుకుని ఉండవు.”

చేపల షాపులో ఓ మూల స్టూలు మీద కూర్చున్న పెద్దాయన అన్నాడు.

కంపౌండరు తిరిగి చూశాడు. ఆయనవి తడిసిన చొక్కా చేతులు, గోళ్ళ సందుల్లో పాచి. షాపులో పనివాడిలా లేడు, కొనడానికి వచ్చినవాడిలానూ లేడు.

“నీళ్ళకేమండీ? కాచి, చల్లార్చి మరీ పోశాను.”

“తొట్టి ఎప్పుడు పెట్టావు?”

“నిన్న.”

“మూడు వారాలు ఆగు. ముందు నాలుగు చేపలే వెయ్యి. రొయ్యలు ఆఖర్న.”

“మూడు వారాలా! మా పాప ఎల్లుండి ఆస్పత్రి నుంచి వచ్చేస్తోంది.”

షాపతను నవ్వాడు. “ఆయనంతే సార్. అందరికీ క్లాసు పీకుతాడు. మీకేం కావాలో చెప్పండి.”

కంపౌండరు వేలు పెట్టి చూపించాడు. గోరంత చేపలు పన్నెండు. ఎర్రటి బుల్లి రొయ్యలు పది.

షాపతను వల ముంచుతుంటే, కంపౌండరు ఎవరూ అడగకుండానే సంగతంతా చెప్పుకొచ్చాడు. రెండు నెలలుగా పాపకు జ్వరం. ఆస్పత్రిలో పక్క మంచం పిల్ల ఓ పొద్దున లేవలేదు. ఆ రోజు నుంచి పాప నోరు విప్పలేదు. పది రోజులయ్యాక అడిగింది ఒక్కటే.

“నాన్నా, చచ్చిపోని చేపలు తెస్తావా?”

పెద్దాయన స్టూలు మీంచి లేచాడు.

“పాపకెన్నేళ్ళు?”

“ఎనిమిదండీ.”

పెద్దాయన చేపలున్న కవరు దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఇల్లెక్కడని అడిగాడు. చెప్పకపోతే వదిలేలా లేడని కంపౌండరు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది.

పెద్దాయన. ఒక చేతిలో బట్టల సంచీ. రెండో చేతిలో నీళ్ళ కవరు, అందులో నల్లగా ఓ స్పాంజి ముక్క. వెనకాల ఆటో ఆగి ఉంది.

“నా తొట్టి ఫిల్టరులోది. మీ ఫిల్టరులో పెట్టు. కడగొద్దు. ఈ మురికే వాటిని కాపాడుతుంది.”

కంపౌండరు చూపు బట్టల సంచీ మీద పడింది. మాట కలిపితే ఇక్కడే మకాం పెట్టేలా ఉన్నాడు. గేటు సగమే తెరిచి కవరు అందుకున్నాడు.

“ఒక్కసారి చూసి వెళ్ళనా?”

“ఇల్లంతా సర్దుకోవాలండీ. ఇంకోసారి రండి.”

పెద్దాయన తలూపాడు. “కడగొద్దు నాయనా,” అని మళ్ళీ చెప్పి ఆటో ఎక్కాడు.

“ఎవరండీ?” లోపల్నుంచి భార్య.

“షాపులో తాతయ్య. మురికి పంచిపెడుతున్నాడు.”

“ఛీ! పిల్ల వచ్చే ఇంట్లోకా?”

ఇరవై ఏళ్ళుగా కత్తెరలూ సూదులూ మరగబెట్టిన చేతులవి. ఇచ్చినదాన్ని పారేయడానికి మనసు రాలేదు. అలాగని అలాగే పెట్టడానికీ ఒప్పుకోలేదు. రెండుసార్లు నీళ్ళు మార్చి మరగబెట్టాడు. గిన్నె ముందు నిలబడి, ఆ బుల్లి ప్రాణుల్ని చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకున్నాడు.

స్పాంజి కొత్తదానిలా బయటికొచ్చింది.

పాప వచ్చింది. తొట్టి అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది.

“నాన్నా, ఈ రొయ్యకి నీకంటే పెద్ద మీసాలు!”

వంటింటి గుమ్మంలో తల్లి కళ్ళు తుడుచుకుంది.

నాలుగో రోజు రొయ్యలు మూడు తెల్లబడి అడుగున పడి ఉన్నాయి. పాప లేవకముందే కంపౌండరు చెంచాతో తీసేశాడు.

“మూడు లేవేం నాన్నా?”

“దాక్కున్నాయమ్మా.”

“ఉన్నవి రెండు మొక్కలు. ఎక్కడ దాక్కుంటాయి?”

ఆ తర్వాత చేపలు. నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకుని, ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఎనిమిదో రోజుకి మిగిలింది ఒక్క రొయ్య.

పాప గోడవైపు తిరిగి పడుకుంది. పిలిచినా పలకలేదు.

ఆ రోజు ప్రార్థనలో కంపౌండరు ఏమీ కోరుకోలేదు. అడిగాడు.

“నేనేం తక్కువ చేశాను స్వామీ? అంతా శుభ్రంగానే చేశానే.”

ఆ స్పాంజి గుర్తొచ్చి కోపం వచ్చింది. నేరుగా షాపుకి వెళ్ళాడు. స్టూలు ఖాళీగా ఉంది.

“మీ తాతయ్య ఏడీ? ఆయనిచ్చిన మురికి ముక్క వల్ల నా కూతురు మళ్ళీ మూగబోయింది!”

షాపతని చేతిలో వల ఆగిపోయింది.

“మీకు స్పాంజి ఇచ్చాడా?”

“ఇచ్చాడు. మరగబెట్టే పెట్టాను. అయినా...”

“మరగబెట్టారా?”

షాపతను వల పక్కన పెట్టాడు.

“చేపల మలంతో నీళ్ళు విషమవుతాయి సార్. ఆ విషాన్ని తినేసే క్రిములు పుట్టడానికి వారాలు పడుతుంది. అవి ఆ మురికిలోనే ఉంటాయి. మీకు వ్యవధి లేదని తన తొట్టిలోవి తెచ్చిచ్చాడు.”

కంపౌండరు తన చేతులకేసి చూసుకున్నాడు.

“ఒక్క రొయ్య మిగిలింది. ఆయన్ని మా ఇంటికి తీసుకెళ్తాను. మా పాపతో కూడా మాట్లాడతారు. ఎక్కడుంటారు?”

“గుండె ఆపరేషనుకని బట్టల సంచీ సర్దుకుని వెళ్ళాడు సార్. ప్రాణాలతో తిరిగి రాలేదు.”

బట్టల సంచీ. సగం తెరిచిన గేటు.

షాపతను ఖాళీ స్టూలుని గోడవారకు జరిపాడు.

“మీరు పట్టుకెళ్ళిన చేపలూ రొయ్యలూ అన్నీ ఆయన తొట్టిలో పుట్టినవే సార్, తను ఆస్పత్రికి వెళ్ళేలోగా వీటికి చిన్నపిల్ల ఉన్న ఇల్లొకటి చూడమని నాకిచ్చి, అది దొరికేదాకా రోజూ వచ్చి ఇక్కడే కూర్చున్నాడు.”