గుసగుసల చదువు

“ఆ మూతేటి అలా పడేశావు? రాత్రి డ్యూటీ చేసొచ్చినోడు పడుకోవద్దేటి?” మంచం మీంచే అరిచాడు పౌల్‌రాజు.

“జారిపోనాదండీ. ఒక్క మూతకి ఇంత గొడవేటి? మీ నిద్ర చెడిపోద్దని పాఠాలు కూడా గుసగుసల్లోనే చెప్తన్నాను,” అంది ఆనందకుమారి.

“ఏం పాఠాలో! ఈ జూన్‌లో మళ్ళీ బడికి పంపించీ.”

సువర్ణ పలక వెనక మొహం దాచుకుంది. ఈ హిందీ ఊళ్లో, తనకు హిందీ సరిగా రాదని బడిలో పిల్లలు నవ్వితే నోరు విప్పడమే మానేసిన పిల్ల. రెండేళ్లుగా తల్లి దగ్గరే చదువుతోంది.

“ఏదీ, చదువు చూద్దాం,” అంటూ పౌల్‌రాజు లేచి కూర్చున్నాడు.

సువర్ణ హిందీ పుస్తకం తెరిచి, ఎక్కడా ఆగకుండా పేజీ చివరిదాకా చదివింది. పెదవులు కదిలాయి గాని ఒక్క మాటా మంచం దాకా రాలేదు.

“గట్టిగా, తల్లీ!”

పిల్ల తల్లివైపు బెదురుగా చూసింది. “నాన్న లెగిసిపోతాడమ్మా.”

పౌల్‌రాజు ఎదురుగా మేలుకునే కూర్చున్నాడు. ఆ ఇంట్లో తను పెద్దగా నవ్వి ఎన్నాళ్లయిందో ఆనందకుమారికి గుర్తు రాలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. పౌల్‌రాజు అన్నం కలుపుతూ అన్నాడు:

“బడి మాట ఇంక ఎత్తను. రేపట్నించి పగలు సీతారాండేరా బస్తీలో, నాతో పనిచేసే జోజి గదిలో పడుకుంటాను. మీరు గట్టిగా చదూకోండి.”

రేపట్నించి పగలు ఖాళీగా ఉండబోయే మంచం వైపు చూసింది ఆనందకుమారి.

“మరి నువ్వు వినవా నాన్నా?” సువర్ణ గట్టిగానే అడిగింది.

“సాయంత్రం వచ్చి వింటాను. ఒక్క పేజీ నాకోసం అట్టిపెట్టు.”