గడియకు కట్టని పోగు

పశువుల పాకలో సాలీడు గూడల్లుకుంటోంది. ఇంకొక్క పోగు కట్టాలి.

"తలుపు గడియకు కట్టవే, గట్టి ఇనుము" అంది గేదె.

సాలీడు తొందరపడలేదు. ముందు పాత పోగులన్నీ కాలితో లాగి చూసుకుంది.

"గడియ గట్టిదే వదినా. కానీ నా పోగులన్నీ ఇప్పటికే ఆ తలుపుకే ఉన్నాయి. తలుపు తీస్తే అన్నీ ఒక్కసారే తెగుతాయి, నేను నీ గిట్టల కింద పడతాను" అని, కొత్త పోగును పైనున్న వెదురు వాసానికి కట్టింది.

"ఆ సన్నటి వెదురుకా!" అని గేదె నవ్వింది.

తెల్లారి రైతు తలుపు తీశాడు. గూడంతా చిరిగిపోయింది. వెదురు పోగు పట్టుకుని వేలాడిన సాలీడు, పైకి పాకి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

గేదె నెమరు ఆపేసింది. "ఎంత తెలివే నీది!" అంటూ తన మెడతాడు కూడా ఓసారి లాగి చూసుకుంది. అది కట్టి ఉన్నది ఒక్క గుంజకే.