బొమ్మ కాదు, మోడలు

ఆయుధాల కోసం వెతికే కావలి యంత్రం వీధికొకటి వచ్చాక గాజువాకలో పిల్లల బొమ్మ తుపాకులు కూడా కనపడడం మానేశాయి. ఫిట్టరు గౌరీసు మాత్రం మూడేళ్లుగా పెరట్లో కూర్చుని, రిమోటుతో నడిచే మూరెడు యుద్ధ ట్యాంకు చేస్తూనే ఉన్నాడు. తుప్పు, బురద, మసి అన్నీ రంగులతోనే అచ్చుగుద్దినట్టు దింపాడు. దాన్నెవరైనా బొమ్మంటే కొట్టినంత పని చేసేవాడు.

ఆ ఉదయం ట్యాంకును ఒళ్లో పెట్టుకుని గొలుసు బిగిస్తుంటే, కావలి యంత్రం గోడ దాటి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నమస్కారం. మీ ఒళ్లో ఉన్నది బొమ్మేనా?"

"బొమ్మ కాదు, మోడలు" అన్నాడు అలవాటుగా.

మోడలంటే ఏమిటో దానికి ఏ చదువుకున్నవాడూ నేర్పలేదు.

"బొమ్మ కాదని నమోదైంది. పది లెక్కపెట్టి పేల్చేస్తాం. దూరం జరగండి. పది."

గౌరీసు బిగిస్తున్న గొలుసు వదిలేశాడు. "బొమ్మే! బొమ్మేనండీ!"

"మాట మార్చడానికి వీల్లేదు. తొమ్మిది."

అంట్లు వదిలేసి భార్య నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. "ఏటి సూస్తన్నావు? అవతల పారెయ్!"

గౌరీసు చేతులు ట్యాంకును ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"నాలుగు."

"ఎర్రి సచ్చినోడా!" అంటూ నూకరత్నం ట్యాంకు ఫిరంగి గొట్టాన్ని పుటుక్కున విరిచి, యంత్రం కంటికి ఆనించింది. "సూడు, పలాస్టిక్కు! నీ తుపాకీ ఇలాగ ఇరుగుద్దేటి?"

యంత్రం లెక్క ఆపింది. "ఆయుధం నిర్వీర్యమైంది. ధన్యవాదాలు" అని గోడ దాటి వెళ్లిపోయింది.

నూకరత్నం నేల మీద చతికిలబడింది. గౌరీసు ఆమె చేతిలోని గొట్టం తీసుకుని, విరిగిన అంచు తడిమి చూశాడు.

"కాస్త మెల్లిగా ఇరిచుంటే అతుక్కునేది గదే" అన్నాడు.