తలకీ తోకకీ గొడవ

"ఆయనొస్తే నేను రాను. అంతే!"

"ఆయన వచ్చేశారు మేడమ్, చేతులు కూడా కడుక్కుంటున్నారు. మీదే ఆలస్యం," అంది ఆస్పత్రిలో అవయవదానాలు చూసే కోఆర్డినేటరమ్మ ఫోన్లో.

పచ్చి అబద్ధం. ఆయన ఇంకా ఆస్పత్రి మెట్ల దగ్గరే గొణుక్కుంటున్నాడు. ఆయనకేమో ఆవిడ వచ్చేసిందని చెప్పింది.

క్లోమగ్రంథి, అదే పాంక్రియాస్ మీద పరిశోధన చేసేవాళ్లలో ఈ ఇద్దరినీ ఎరగనివాళ్లు లేరు. ఆయన పనంతా క్లోమం తలభాగంలో పుట్టే క్యాన్సర్ మీద. ఆవిడది తోకభాగంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద. అందుకే అందరూ తలాయన, తోకావిడ అంటారు. ఎప్పుడో ఒక పరిశోధన వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర చెడింది. అప్పట్నుంచీ ఒకరి ల్యాబులో తేలింది ఇంకొకరికి చెప్పరు. వీళ్లని ఒక్కచోట చేర్చడానికి కోఆర్డినేటరమ్మ పడని పాట్లు లేవు. మీటింగులు పెట్టింది, భోజనాలు పెట్టింది. ఒకరొస్తే ఇంకొకరు రారు.

కోఆర్డినేటరమ్మకి ఇంటికెళ్లినా ఇదే గోల. వినీ వినీ ఇంటాయన పకపకా నవ్వేవాడు.

"తలా తోకా లేని గొడవలు చూశాను గానీ, తలకీ తోకకీ గొడవేమిటే బాబూ! నాకొదిలెయ్. ఇద్దర్నీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టే పూచీ నాది."

మొన్న పొద్దున మాత్రం ఆమెకి నవ్వు రాలేదు. పాలు చూస్తూ ఉండమంటే ఫోను చూస్తూ పొంగబెట్టాడు. "ఛీ, నువ్వెందుకూ పనికిరావు!" అనేసి, తలుపు ధడాలున వేసి వచ్చేసింది. తర్వాత అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు కూడా. ఆ మాట ఎందుకన్నానా అని అప్పట్నుంచీ కుమిలిపోతూనే ఉంది.

తలాయనా తోకావిడా గుమ్మంలోనే ఎదురుపడ్డారు. చెరో పక్కకీ మొహాలు తిప్పుకున్నారు.

"నిన్నంతా ఫోనెత్తలేదేం? కళ్లేంటి అలా ఉబ్బాయి?" తలాయన కోఆర్డినేటరమ్మని అడిగాడు.

"ఇంట్లో పనిపడింది సార్. నిద్ర చాల్లేదు." ఆమె బల్లమీది ఐసు పెట్టె చూపించింది. "గుండే కిడ్నీలూ రోగులకి వెళ్లాయి. క్లోమాన్ని పరిశోధనకిచ్చారు. ఏ జబ్బూ లేని మనిషిది. రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయ్యాడు."

ఇద్దరి కళ్లూ మెరిశాయి. మరి మెరవవూ? జబ్బు ఎలా మొదలవుతుందో తెలియాలంటే ముందు మంచిది ఎలా ఉంటుందో చూడాలి. అదేమో దొరకదు. రక్తం ఆగితే క్లోమం తన రసాలతో తనే అరిగిపోతుంది.

"మొత్తం నాకివ్వండి. తల ఒక్కటీ చూస్తే సగం కథే తెలుస్తుంది," అన్నాడు తలాయన.

"ఆ సగం కథతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారని ఆయనకి చెప్పండి," అంది తోకావిడ.

కోఆర్డినేటరమ్మ పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"మీరు తేల్చుకునేలోపు ఇది నీళ్లయిపోతుంది. ఇచ్చినవాళ్లు ఏడుస్తూ ఇచ్చారు సార్! తలోసగం. ఎవరికేం తేలినా రెండోవాళ్లకి చెప్పాలి. ఒప్పుకుంటేనే మూత తీస్తాను."

ఈ మనిషి ఇలా గట్టిగా మాట్లాడ్డం వాళ్లెప్పుడూ వినలేదు.

"కత్తి మీరు పడతారా, నేను పట్టనా?" తోకావిడ నేరుగా ఆయన్నే అడిగింది.

"మీరే కొయ్యండి. మీ చెయ్యి నిలకడైంది."

ఆవిడ కోస్తుంటే ఆయన కోఆర్డినేటరమ్మని దాత వివరాలు అడిగాడు.

"మందు?"

"ముట్టడు."

"సిగరెట్?"

"పెళ్లికి ముందు కాల్చేవాడు. తర్వాత మానేశాడు."

"షుగర్?"

"లేదు. టీలో మాత్రం మూడు చెంచాలు పడాలి."

"అబ్బో, చెంచాల లెక్క కూడానా!"

"ఇంటివాళ్లని అన్నీ అడగడమేగా సార్ మా ఉద్యోగం."

"నా సర్వీసులో ఇంత మంచిది చూడలేదు," అన్నాడు తలాయన.

"నేనూ చూడలేదు," అంది తోకావిడ. ఇద్దరూ ఒకే బల్ల మీదికి వంగి, వచ్చే వారం ఎవరి ల్యాబులో కలవాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఈ సంగతి ఇప్పటికిప్పుడు ఇంటాయనకి చెప్పాలనిపించింది కోఆర్డినేటరమ్మకి. చెప్పి, మొన్నటి మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

"ఇచ్చినవాళ్లకి మా ఇద్దరి నమస్కారాలూ చెప్పండి," అన్నాడు తలాయన.

"చెప్తాను సార్."

చేతి తొడుగులు తీసేసి బయటికొచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చున్న అత్తగారు లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు పనికొచ్చాడా అమ్మా?"