ఊడిరాని డిస్కు

"వాడుకలో ఉందా? ఎవరే వాడుతున్నది? నేనిక్కడ నిలబడ్డా, నువ్వక్కడ కూర్చున్నావు. మూడోది దయ్యమా?"

ఉమ్ మిషారీ అరుపుకి స్టూడియో గోడమీది పెళ్లి ఫొటోలు కూడా అదిరాయి. స్టూడియో పిల్ల సబీకా మళ్లీ మౌసు నొక్కింది. తెరమీద మళ్లీ అదే మాట వచ్చింది. డిస్కు వాడుకలో ఉంది, ఇప్పుడు తీయకూడదు, కాసేపాగి చూడండి.

"ఒక్క నిమిషం, ఖాలా. ఈలోపు కాఫీ తాగండి. ఖర్జూరం తీసుకోండి."

"నీ కాఫీ నాకెందుకు? నా డిస్కు నాకు పారెయ్!"

కోపంలో ఆవిడ మొహం మీది నల్ల ముసుగు కూడా ఎత్తలేదు. ఆడవాళ్ల స్టూడియో, లోపల మగపురుగు లేదు, అయినా ఎత్తలేదు. కోపం రాదా మరి! కూతురి పెళ్లిలో హాలు గుమ్మం దగ్గర తనే కాపలా నిలబడి మూడొందల మంది ఆడవాళ్ల ఫోన్లు సంచిలో వేయించింది. "వీడియో ఒక్కటే, తీసేది ఆడపిల్ల, దాచేది నా బీరువాలో" అని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు నమ్మి కువైట్ పెద్దింటి ఆడవాళ్లంతా జుట్టు విరబోసుకుని ఆడారు. అందులో ఒక్క బొమ్మ పరాయి కళ్లబడినా ఇక ఆవిడ ఏ ఇంట్లోనూ తలెత్తుకోలేదు.

చెయ్యి చాచి ఆ వీడియో ఉన్న డిస్కు వైరు పట్టుకుంది.

"లాగకండి ఖాలా, మీకు పుణ్యముంటుంది! లోపల ఏదో నడుస్తుండగా పీకితే ఉన్నదంతా పోవచ్చు. ఇంకో కాపీ లేదు. ఉంచొద్దన్నది మీరే కదా!"

ఉమ్ మిషారీ నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే ఆ నడిచేదేదో ఆపి చావు."

సబీకా తెరమీద తెరిచున్నవన్నీ ఒక్కొక్కటే మూసేసింది. మళ్లీ నొక్కింది. అబ్బే, వాడుకలోనే ఉంది. ఏసీ చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఆ పిల్ల నుదుటి మీద మాత్రం చెమటలు పోస్తున్నాయి. పైగా మాటిమాటికీ చూపు వెనకగది తలుపు మీదికి పోతోంది. ఉమ్ మిషారీ అది పసిగట్టింది. కంప్యూటర్ నుంచి నీలం వైరొకటి నేలమీద పాక్కుంటూ వెళ్లి ఆ తలుపు కిందే దూరింది.

"ఆ గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ... అంటే... మీరు కూర్చోండి, ఖాలా, నేను వెళ్లి..."

"నువ్వే కూర్చో. కదిలావంటే కాళ్లిరగ్గొడతా."

తలుపు తోసింది. లోపల ఇంకో కంప్యూటర్ ముందు లావుపాటి ముసలావిడ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిలు. తెరమీద తన కూతురి పెళ్లే! చూడగానే ఆవిడెవరో తెలిసిపోయింది. ఖత్తాబా, అంటే పెళ్లిళ్ల పేరమ్మ.

ఉమ్ మిషారీకి ఒళ్లు మండిపోయింది. జుట్టు పట్టుకుని ఈడ్చేద్దామనుకుంది. కానీ అరిస్తే ముసలిది నోరు విప్పదు. ఈ డిస్కు ఇక్కడుందని దీనికి ఊదిందెవరో ముందు తెలియాలి, ఆ తర్వాత వాళ్ల అంతు చూడాలి. తలుపు మూసి, గొంతుకి తేనె పూసుకుంది.

"సలాం, హజ్జా. నేనూ మా వీడియో కోసమే వచ్చా. ఏమిటి చూస్తున్నారు?"

"రా తల్లీ, కూర్చో. ఒక పెద్దమనిషికి పిల్లను వెతుకుతున్నా. కుర్రాడు కాదులే, తల నెరిసినవాడు. ముప్పై అయిదు దాటిన నిదానస్తురాలు కావాలట. ఇదిగో, ఈ పిస్తారంగు బట్టలావిడ కుదురుగా ఉంది. ఎవరో ఏమో!"

ఉమ్ మిషారీ తెరకేసి చూసింది. ముధీ! తన పినతల్లి కూతురు! నలభై దగ్గరపడినా పెళ్లి కాలేదు. వారానికి నాలుగుసార్లు వచ్చి కూరలో ఉప్పెక్కువంటుంది, పరదాల రంగు బాగాలేదంటుంది. ఈ పీడ విరగడయ్యే దారి దేవుడే చూపిస్తున్నాడు. ఆవిడ వచ్చిన పనే మర్చిపోయింది.

"ఆవిడా! నాకు బాగా తెలుసు. ముధీ అని, టీచరు. బంగారం, హజ్జా, నోట్లో నాలుక లేదు!"

"ఆయనకి ఇంట్లో ఒకావిడ ఉందమ్మా. రెండో పెళ్లంటే ఒప్పుకుంటుందా?"

"ఈ వయసులో మొదటి పెళ్లివాడు ఎక్కణ్నుంచి ఊడిపడతాడు? నేను ఒప్పిస్తాగా! నంబరు రాసుకోండి."

"మొదటి పెళ్లాం గొడవ చేస్తేనో?"

"చేస్తే చేస్తుంది. నాలుగు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది. దాని గోల మనకెందుకు?"

"నీ నోట్లో పంచదార పొయ్య!" అంటూ ముసలావిడ నంబరు రాసుకుంది. వీడియో కట్టేసి, పుస్తకం సంచిలో పెట్టుకుంది. అవతలి గదిలోంచి సబీకా కేక వినిపించింది. "ఖాలా, వదిలింది! డిస్కు తీసేశాను!"

ఉమ్ మిషారీకి ప్రాణం లేచొచ్చింది. డిస్కు దక్కింది, ముధీ పీడా వదిలింది. లేచి తలుపు మీద చెయ్యి వేశాక అసలు సంగతి గుర్తొచ్చింది.

"అవునూ, హజ్జా, ఈ వీడియో ఇక్కడుందని మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, ఆ పెద్దమనిషే! ఇది వాళ్లమ్మాయి పెళ్లే కదా!"