పన్నెండో కత్తి

తెల్లారేసరికి పన్నెండు కత్తులు మాంసం కొట్టుకి చేరాలి. పదకొండు అయ్యాయి. సానపట్టేవాడు ఒక్కోదాన్నీ రాయి మీద నూరి, తోలు పట్టీ మీద అటూ ఇటూ లాగి, ఎడమ చేతి మీద వెంట్రుకలు గీకి పదును చూసుకున్నాడు.

భార్య ఫోన్ చేసింది. "ఏవండీ, కొట్లో ఒక్కరే ఉన్నారు. గడియ పెట్టుకున్నారా?"

"పెట్టానే. ఇన్ని కత్తుల మధ్య కూర్చున్నవాడి జోలికి ఎవడొస్తాడు?"

గోడకి ఆనుకుని కాసేపు కునుకు తీశాడు. లేచేసరికి పన్నెండో కత్తి తోలు పట్టీ మీద ఉంది, నూరి. గోటి మీద ఆనించి చూశాడు. మిగతా పదకొండింటికన్నా పదును. నిద్రమత్తులోనూ తన పనితనం తప్పలేదని మీసం దువ్వడానికి కుడి చెయ్యి ఎత్తాడు.

ఆ చేతి మీద రెండు వేళ్ల మేర వెంట్రుకలు లేవు.

ఎడమ చేత్తో అతను ఏనాడూ కత్తి పట్టలేదు.

తలుపు వైపు చూశాడు. గడియ వేసింది వేసినట్టే ఉంది.