గోడ చివరి సీసా

"ఓ ఆజోబా! తడి తువ్వాలు ఆరేసుకోవడానికి మా సీసాలే దొరికాయా నీకు?"

సులభ అరుపుకి ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

రోజూ ఇదే గొడవ. ఎక్కడినుంచో వస్తాడు. బావి దగ్గర తువ్వాలు తడుపుకుంటాడు. తిన్నగా వచ్చి గోడమీది సీసాలపై పరుస్తాడు.

ఆ సీసాల్లో ఉన్నది కోకం పండు రంగు. షర్బత్‌కి రసం పిండేశాక ఊరంతా పారేసే తొక్కల్ని ఏరి, నానబెట్టి, వడగట్టి, సులభా, తోటి ఆడవాళ్లూ తీసిన ఎరుపు.

వానలకు ముందు కుడాళ్ నుంచి మిఠాయిల వ్యాపారి దళవీ వస్తాడు. అప్పటిదాకా రంగు నిలిస్తే అంతా తనే కొంటానన్నాడు. నిలవకపోతే అందరూ మళ్లీ జీడిగింజలు కొట్టడానికి పోవాల్సిందే. ఆ జీడికి కాలిన వేళ్లు ఇంకా మానలేదు.

అందుకే ఎండలో పెట్టారు. కొంకణంలో వానలకు దాచుకునేది అప్పడమైనా, ఎండుచేపైనా ముందు వైశాఖపు ఎండ చూడాలి. అమ్మమ్మల నాటి నుంచీ అంతే.

"దీనికి ఎండ పడదమ్మా. చచ్చిపోతుంది," అన్నాడు ముసలాయన.

"శుభమా అని రంగు తీసుకుంటే చావు మాటలేంటి!"

"కాస్త నీడ చాలు తల్లీ..."

"పొద్దున్నే వేసుకొచ్చావా ఆజోబా?" వెనకనుంచి శేవంతి అంది. ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

సులభ తువ్వాలు లాగి విసిరేసింది. అది పోయి గోడ చివరి సీసా మీద పడింది.

"ఇంకోసారి ఈ వాకిట్లో కనిపించావో, ఊరుకోను!"

ముసలాయన చేతులు జోడించాడు.

"ఆ ఒక్కదాన్నైనా అలా ఉండనీ."

ఆ మాసిన గుడ్డని ముట్టుకునేదెవరు? అలాగే ఉండిపోయింది. ఆయన మళ్లీ రాలేదు. పీడా పోయిందనుకున్నారు.

దళవీ వచ్చిన రోజు మబ్బు పట్టింది.

మొదటి సీసా ఎత్తి చూశాడు. మట్టిరంగు. రెండోదీ అంతే. రోజూ చూసే కళ్లకి ఇన్నాళ్లూ తేడా తెలియలేదు.

శేవంతి తన వేళ్లకేసి చూసుకుంది.

"అదేంటి, ఆ చివర?"

దళవీ తువ్వాలు తీశాడు. లోపల అప్పుడే కోసిన కాయంత ఎరుపు!

"నీడన పెడితే నిలుస్తుందన్నమాట! ఇలాంటిది ఎంత తీసినా నాకే ఇవ్వండి తాయీ."

సులభకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

దళవీ మాత్రం చేతిలోని తువ్వాలునే చూస్తున్నాడు.

"ఇది మా ఊరి భివా ఆజోబాది కదూ? మీ రంగు సంగతి నాకు చెప్పిందే ఆయన. పిల్లలు తింటే ఏమీ కాని ఎరుపు వాడరా అని ఏళ్ల తరబడి నా ప్రాణం తీశాడు. తనూ కోకంతో తీసి చూశాడట, ఎండకి నిలవలేదట."

"ఎక్కడుంటాడు? వెళ్లి కాళ్లు పట్టుకుంటాను!"

"పోయాడు తాయీ. మొన్న గురువారం."

సులభ గోడ పట్టుకుని నిలబడింది.

"పిల్లల మీద అంత బెంగెందుకు ఆయనకి?"

"ఒక్కతే మనవరాలు. జాతరలో ఏదో పాడు రంగు కలిపిన ఎర్ర ఐసు తిని, తెల్లారేసరికి పోయింది."

"ఏ పాపిష్టివాడు అమ్మాడో!" సులభ పళ్లు కొరికింది.

దళవీ తువ్వాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ ఐసుబండి ఆయనదే, తాయీ."